నాలుగు గోడల నడుమ నీతి శిక్షణము

తెలంగాణము, మహారాష్ట్రము, కర్ణాటకము అను మూడు రాష్ట్రముల సరిహద్దులు కలియుచోట మద్నూరు ఉన్నది. 1948 వరకు నిజాము ప్రభువు యేలుబడిలోను, అటుపిమ్మట 2016 వరకు నిజామాబాదు జిల్లాలోను ఉండి, ఆ యేట క్రొత్తగా నేర్పడిన కామారెడ్డి జిల్లాలో చేరిన యీ ప్రాంతమున తెలుగు, మరాఠీ, కన్నడము, ఉరుదు నాలుగును సంతలో వినబడును. ఏటేట బడులు తెరచు కాలమున ఇచ్చటి పల్లెలనుండియు తండాలనుండియు పది పదునొకండేండ్ల పిల్లలు ట్రంకుపెట్టెలతో గురుకుల పాఠశాలలకు బయలుదేరుదురు. సాగనంపవచ్చిన తండ్రిని మీ కోరిక యేమని యడిగినచో చదువును ముందు చెప్పును. మరికొంతసేపు మాటలాడినచో, పిల్లవాడు తనవలె గాక వేరొక మనుష్యుడై తిరిగి రావలెనని చెప్పును. ఈ రెండవ కోరిక మొదటిదానికంటె గొప్పది, మిక్కిలి భయము గొలుపునదియు. ఒక మనుష్యుని యింటినుండి వేరుచేసి, ఒక ప్రాకారములోపల నుంచి, వేరొక మనుష్యునిగా చేయుట సాధ్యమా? సాధ్యమేని, యెట్టి విధమున? ఈ వ్యాసమున మేము విచారింపదలచినది యిదియే.

ఇంటను వీధిని గుడిలోను మనుష్యుడు విలువలను తెలియకయే నేర్చును. చెరసాలలోను, అనాథ శరణాలయములోను, వసతిగృహములోను, సైనిక శిబిరములోను నేర్చు తీరు వేరు. అచ్చట నిద్ర, భోజనము, పని, ఆట యన్నియు ఒకే యావరణమున, ఒకే యధికారము క్రింద, గంటకొట్టిన ప్రకారము జరుగును. ఎర్వింగ్ గాఫ్మన్ అను పండితుడు 1961లో ప్రకటించిన గ్రంథమున వీనికి 'సంపూర్ణ సంస్థలు' అని యర్థమిచ్చు పేరిడి, వానియందలి ప్రవేశకర్మను వర్ణించెను. వచ్చినవాని బట్టలు తీసికొందురు, తల కత్తిరింతురు, వస్తువుల పట్టీ వ్రాసికొందురు, కొన్నిచోట్ల పేరు తీసి సంఖ్య నిత్తురు. పలకమీది పాతవ్రాతను తుడిచి క్రొత్తది వ్రాయుట వంటి పని యని యధికారులు తలంతురు. సంఘసంస్కారము కోరువారిలోను ఈ తలంపు గలవారు పెక్కండ్రున్నారు. దీనిని పరీక్షించుటకు దూరదేశములకు పోనక్కరలేదు. మన తెలుగుదేశముననే వేలకొలది మనుష్యులమీద ఇట్టి ప్రయోగమొకటి ముప్పదియేండ్లకు పైగా జరిగినది.

1871లో బ్రిటిషు ప్రభుత్వమువారు 'నేరస్థ జాతుల చట్టము'ను ఉత్తరదేశమున ప్రవేశపెట్టిరి. 1911లో దానిని సవరించి చెన్నపురి రాజధానికిని వర్తింపజేసిరి. 1924లో మరల నొక్కటిగా కూర్చి వ్రాసిరి. న్యాయవాదులమైన మాకు ఆ చట్టము చదువునప్పుడెల్ల ఆశ్చర్యము కలుగును. ఒక తెగను 'నేరస్థ జాతి' యని ప్రభుత్వము ప్రకటించినచో, ఆ ప్రకటన చెల్లునా చెల్లదా యని ప్రశ్నించు నధికారము ఏ న్యాయస్థానమునకును లేదు. పేరు నమోదైనవాడు వ్రేలిముద్రలు వేయవలెను. ఆజ్ఞయైనచో నిర్ణీతకాలమున పోలీసువారియెదుట హాజరు పలుకవలెను. పాసు లేక పొలిమేర దాటరాదు. చట్టమున జేర్చిన కొన్ని నేరములకు రెండవసారి శిక్షపడినచో ఏడేండ్లకు తక్కువ గాని ఖైదు, మూడవసారి యావజ్జీవ ద్వీపాంతరవాసము. ఆరేండ్లు దాటిన పిల్లలను తలిదండ్రులనుండి విడదీసి సంస్కరణ పాఠశాలలకు పంపుటకును ప్రభుత్వమునకు అధికారముండెను. వీని కన్నిటికి మీదుగా, తెగనంతటిని 'సెటిల్మెంటు' అను నొక కట్టడి గ్రామమున నుంచుటకు వీలు కల్పించిరి.

అట్టి గ్రామములలో పేరుపొందినది బాపట్లకు చేరువనున్న స్టూవర్టుపురము. చెన్నపురి గవర్నరుగారి కార్యనిర్వాహక సభలో సభ్యుడైన సర్ హెరాల్డ్ స్టూవర్టుగారి పేర 1913 ప్రాంతమున అది వెలసినది. దాని నిర్వాహకులు, జనులు ముక్తిఫౌజని పిలిచిన క్రైస్తవ రక్షణ సైన్యమువారు. కావలిలో అమెరికను బాప్టిస్టు మిషనువారి సెటిల్మెంటును బాడెన్ దొరగారు నడపిరి. ఈ రెండుచోట్లను ముఖ్యముగా ఎరుకలవారిని ఉంచిరి.

ఎరుకలవారెవరు? మనలో పలువురకు బుట్టలల్లువారుగాను, సోదె చెప్పువారుగాను తెలియుదురు. కాని రైళ్లు రాకమునుపు వారిలో పెక్కుమంది వర్తకులు. సముద్రతీరపు ఉప్పును గాడిదలమీదను పెరికెద్దులమీదను ఎక్కించుకొని మెట్టసీమలకు కొనిపోయి అమ్మి, అచ్చటి ధాన్యమును తెచ్చి తీరప్రాంతమున అమ్ముచుండిరి. వారు రాకున్నచో దూరపుటూళ్లలో కూటిలో ఉప్పుండదు. పందొమ్మిదవ శతాబ్ది రెండవ యర్ధమున రైలుబండ్లు ఆ సరకును ఎత్తుకొనిపోయినవి; ఉప్పుమీద ప్రభుత్వపు పట్టు బిగిసినది; 1876 మొదలు 1878 వరకు గొప్పకరవు వచ్చి పశువులను హరించినది; 1882 నాటి అటవీ చట్టముచే వెదురునకును మేతకును అడవి మూతపడినది. తిరుగుట మాత్రము మిగిలినది, తిరుగుటకు కారణము పోయినది. కారణము లేక తిరుగువాడు పోలీసువారి కంటికి దొంగ. కొందరు నిజముగా దొంగలైరి కూడ. దానిని కాదనుట చరిత్రను కప్పిపుచ్చుటయే యగును. ఈ తెగ చరిత్రను మీనా రాధాకృష్ణగారు విపులముగా పరిశోధించి గ్రంథస్థము చేసియున్నారు. సంస్కర్తలైనవారు అది చదువవలెను.

ఇప్పుడు సెటిల్మెంటులో వారికి నేర్పదలచిన విలువలేవో చూతము. ఒకచోట నిలిచియుండుట, వేళకు లేచుట, కూలికి పోవుట, శుభ్రత, పొదుపు, ప్రార్థన. వీనిలో చెడ్డది ఒక్కటియు లేదు. ముక్తిఫౌజువారిలో స్వదేశము విడిచి వచ్చి, కష్టములు సహించి, ఈ జనులు బాగుపడుదురని మనసార నమ్మినవారుండిరి. పిల్లలకు అక్షరములు వచ్చినవి. కొన్ని కుటుంబములకు భూమి దొరకెను. నేత నేర్చినవారు నేర్చిరి. ఇంతవరకు మంచియే.

ఇక లోపలి లెక్క చూడుడు. చీరాలలోని పొగాకు కర్మాగారమునకు పనివారు కావలసియుండిరి. సెటిల్మెంటులోని స్త్రీలును పురుషులును అచ్చటికి పనికి పోయిరి. పని విడిచి వెళ్లిపోయినవాడు ఇతరచోట్ల కూలి పోగొట్టుకొనును; ఇచ్చట చట్టము తప్పినవాడై పోలీసులచే పట్టువడును. ఇట్టిచోట శ్రమ గొప్పదను నీతి యెట్లు మనసు కెక్కును? శ్రమను గౌరవించుమని బోధించు నోరే, శ్రమను మానుకొను స్వేచ్ఛ నీకు లేదని చెప్పుచున్నది. నిజాయితీ సంగతియు నంతే. రాత్రి హాజరు పలికినవాడు మంచివాడు, పలుకనివాడు దొంగ. కొన్నియేండ్లు ఈ కొలతతో కొలువబడినవాడు మంచితనమనగా అధికారి కన్నులయెదుట నుండుట యని నేర్చుకొనును. కన్ను లేనిచోట తన నడత యెట్లుండవలెనో ఆ శిక్షణము వానికి నేర్పదు. పిల్లవాని కథ యింకను విచారకరము. తండ్రిని చూచి నేర్వరాదని వానిని వేరొకచోట పెంచినారు. కాని ఊరి జనులు వానిని ఆ తండ్రి పేరనే పిలిచిరి.

చెన్నపురి రాజధానిలో 1947లో ఆ చట్టము రద్దయినది. దేశమంతట దాని ఫలితమును విచారించుటకు 1949లో నియమింపబడిన సంఘమునకు మన తెలుగుసీమ ప్రముఖులు అనంతశయనం అయ్యంగారుగారు అధ్యక్షులైరి; 1952 ఆగస్టు 31వ తేదీని దేశమంతట రద్దయినది. చట్టము పోయినను దానిచోట వాడుక నేరస్థుల చట్టములు వచ్చినవి. స్టూవర్టుపురము పేరు వినినంతనే నవ్వుటయో భయపడుటయో మానలేదు. సినిమావారు కూడ ఆ పేరును దొంగల కథలకు ముద్రగా వాడుకొనిరి. ఆ యూరినుండి చదువుకొని ఉద్యోగమునకు వెళ్లిన యువకుడు తన యూరిపేరు చెప్పుటకు సంకోచింపవలసివచ్చినచో, అది యెవరి నీతిలోపము?

సెటిల్మెంటు నేర్పిన పాఠము ఎందుకు నిలువలేదో తెలియుటకు చెరసాలలను గూర్చి జరిగిన పరిశోధనలు తోడ్పడును. డోనాల్డ్ క్లెమ్మర్ అను నతడు 1940లో అమెరికా చెరసాలను గూర్చి వ్రాసిన గ్రంథమున, అధికారులు ఖైదీకి బోధించునది ఒకటి, ఖైదీ తోడిఖైదీలవద్ద నేర్చునది వేరొకటి యని నిరూపించెను. ఫిర్యాదు చేయకుము, జవానును నమ్మకుము, నీ పని నీవు చూచుకొనుము — ఇది లోపలి ధర్మశాస్త్రము. ఎంతకాలమున్న అంతగా ఈ వాసన పట్టునని యాతని మతము. స్టాంటన్ వీలర్ అను పండితుడు 1961లో దీనినే మరల పరీక్షించి చూడగా చిత్రమైన సంగతి బయటపడినది. క్రొత్తగా వచ్చిన ఖైదీల యభిప్రాయములు అధికారుల యభిప్రాయములకు చాలవరకు దగ్గరగా నుండెను. శిక్ష నడిమి కాలమున నున్నవారు మిక్కిలి దూరమైయుండిరి. విడుదల సమీపించినవారు మరల దగ్గరకు వచ్చియుండిరి.

ఇది మేము ఎన్నిమారులు తలచినను విడువరాని సంగతిగా తోచుచున్నది. గోడలు, బోధకుడు, నియమములు మొదటినుండి చివరివరకు మారలేదు. మారినది ఖైదీ మనస్సునందలి తోడువారు. వచ్చినప్పుడు ఇంటివారు వాని కన్నులలో నుందురు. నడుమ తోడిఖైదీలే లోకమగుదురు. పోవునప్పుడు మరల భార్య, పిల్లలు, పనియిచ్చువాడు, ఊరివారు జ్ఞాపకమునకు వత్తురు. అనగా మనుష్యుడు తాను ఎవరినడుమ జీవింపబోవుచున్నానని నమ్మునో వారి విలువలను స్వీకరించును. బయట తనకు చోటు లేదని తెలిసినవానికి ఎంత యుపదేశించినను నడిమికాలపు మనస్సే నిలిచిపోవును. సెటిల్మెంటువారికి విడుదల తేదీ లేదు. పుట్టుకచే వచ్చిన శిక్షకు గడువుండదు గదా. కాబట్టి వారు బ్రతుకంతయు శిక్ష నడుమనే యుండిరి.

ఇందుకు మారుగా, బయటి చోటును ముందే చూపిన సంస్థలు ఎట్లు నడచినవో చూడవలెను. కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున 1881 డిసెంబరు 11వ తేదీని తొలి వితంతు వివాహము జరిపించిరి. 1906లో హితకారిణీ సమాజమును స్థాపించి తమ యాస్తిని దానికి అప్పగించిరి. వారి వితంతు శరణాలయమునందును నియమములుండెను, ఇంటివారినుండి ఎడబాటుండెను, రాకపోకలకు కట్టుబాటుండెను. పైకి చూచినచో అదియు నాలుగు గోడలే. కాని అచ్చటికి వచ్చిన బాలవితంతువు లోపల నేర్చిన చదువు బయట ఉపాధ్యాయినిగా నిలుచుటకో, గృహిణిగా నిలుచుటకో పనికివచ్చునని యెఱిగియుండెను. ఇంతకంటె ముఖ్యమైన దొకటి కలదు. ఆమెను వెలివేసిన సంఘమే పంతులుగారిని రాజ్యలక్ష్మమ్మగారిని కూడ వెలివేసినది. వంటవారును నీళ్లవారును మానుకొనగా ఆ యిల్లాలు తానే వండి తానే నీరు తెచ్చెను. బోధించువారు బోధింపబడువారి కష్టమున పాలుపంచుకొనుచున్నారని కన్నులార చూచిన పిల్లకు 'నీవు పాపిష్ఠివి కావు' అను మాట వేరుగా చెప్పనక్కరలేదు. వివాహములన్నియు సుఖాంతములైనవని మేము చెప్పము. ధనాశతో వచ్చిన వరులను గూర్చి, మేలు మరచినవారిని గూర్చి పంతులుగారే తమ స్వీయచరిత్రమున దాపరికము లేక వ్రాసియున్నారు.

మరల స్టూవర్టుపురమునకు వత్తము. 1970 దశాబ్దమున లవణంగారును హేమలతాలవణంగారును ఆ యూరిలో పని మొదలుపెట్టిరి. లవణంగారు విజయవాడ నాస్తికకేంద్రము స్థాపించిన గోరాగారి కుమారులు. హేమలతగారు కవి జాషువాగారి కుమార్తె. దేవుని విషయమున వారి మతమును మా మతమును వేరు. పనిని మెచ్చుకొనుటకు అది యడ్డము రాదు. వారు గోడ కట్టలేదు, హాజరు పట్టీ తెరువలేదు. 'సంస్కార్' అను సంస్థ పేర ఆ కుటుంబముల నడుమకు పోయిరి, స్త్రీలతో మాటలాడిరి, ప్రభుత్వముతో వాదించి జీవనోపాధికి దారులు వెదకిరి. ముక్తిఫౌజువారు ఎరుకలవానిని మార్చి ఊరిలో చేర్పదలచిరి. వీరు ఎరుకలవానితో పాటు పోలీసువానిని, పొరుగూరివానిని, కచేరి గుమాస్తాను కూడ మార్పవలసియున్నదని గ్రహించిరి. జాషువాగారి కుమార్తెకు ఈ సంగతి పుస్తకములో చదువనక్కర లేకపోయెనని మా యూహ.

అదే హేమలతగారి పని మా ప్రాంతమునకును వచ్చినది. నిజామాబాదు జిల్లాలో జోగిని యాచారము బలముగా నుండెను. మాదిగ, మాల కుటుంబముల యాడపిల్లను ఈడు రాకమునుపే దేవతకు ముడిపెట్టి, ఈడువచ్చిన పిమ్మట ఊరి పెద్దల భోగమునకు విడుతురు. ఆమెకు పుట్టిన బిడ్డకు తండ్రిపేరు లేదు. ఊరిలో జాతరయైనచో ఆమె యాడవలెను, చావైనచో ఆడవలెను. జోగిని పెండ్లాడినచో ఊరికి అరిష్టమని భయము పెట్టుదురు. 'సంస్కార్' వారు వర్ని యందు 'చెల్లి నిలయము' అను పేర వీరికొరకు ఆశ్రయమును నెలకొల్పిరి. ఆ పేరునే గమనింపుడు. ఊరిలో ఆమెను వావివరుసలు లేనిదానిగా చేసియుండిరి: ఎవరికిని చెల్లి కాదు, అక్క కాదు, వదిన కాదు. శరణాలయపు గుమ్మమునందే ఆమెకు ఒక వరుస దొరకినది. గాఫ్మన్ వర్ణించిన ప్రవేశకర్మలో పేరు తీయుదురు, ఇచ్చట పేరిచ్చిరి.

1988లో ఆంధ్రప్రదేశ శాసనసభ దేవదాసీ సమర్పణ నిషేధ చట్టమును చేసినది. సమర్పించువారికి, అందు పాల్గొనువారికి శిక్ష విధించుటయేగాక, సమర్పింపబడిన స్త్రీ చేసికొను వివాహము చెల్లునని అందు స్పష్టముగా వ్రాయబడినది. ఆచారము ఆమెకు మూసిన తలుపును పేరుపెట్టి తెరచుటయే ఈ మాటకు ప్రయోజనము. 1911 నాటి చట్టము ఒక తెగ ముఖముమీద తలుపు మూసి, న్యాయస్థానపు తలుపును కూడ మూసినది. రెండు చట్టములను ప్రక్కప్రక్కన నుంచి చదివినచో సంస్కరణ సంస్థ కేది ప్రాణమో తేటపడును.

నమ్మకమును గూర్చి ఒకటి చెప్పవలెను. 1920లో ఉక్రెయిను దేశమున పొల్టావా నగరమునకు చేరువను, నేరము చేసిన బాలురకొరకు మకరెంకో అను నుపాధ్యాయుడు ఒక వసతిశాలను స్థాపించెను. దోపిడి చేసి పట్టువడిన యువకు నొకనిని ఆయన ఒంటరిగా పట్టణమునకు పంపి డబ్బు తెమ్మనెను. తెచ్చెను. మరియొకమారు అంతకంటె పెద్దమొత్తము తెమ్మని పంపెను, అదియు తెచ్చెను. ఆ యువకుడే పెద్దవాడై అట్టి బాలుర సంస్థలకు తాను అధిపతి యయ్యెను. మన రాష్ట్రములందు చర్లపల్లిలోను అనంతపురము చేరువను ఉన్న బహిరంగ కారాగారములలో ఖైదీలు పొలము దున్నుదురు; హైదరాబాదులో చెరసాలవారి పెట్రోలు బంకులలో ఖైదీలు వచ్చినవారికి చమురుపోసి సొమ్ము తీసికొందురు. ప్రతిదినము చేతిలో డబ్బు, ఎదుట వీధి. పారిపోవుటకు వీలుండగా పారిపోకుండుట యను పాఠమును ఎత్తైన గోడ యెన్నటికి నేర్పజాలదు. మా వృత్తిలో విచారణఖైదీలను చూచుచున్నాము. గోడలోపల నెలలు గడపినవారు ఏ ప్రశ్నకు ఏ జవాబు అధికారికి ప్రీతియో శీఘ్రముగా నేర్చుకొందురు. దానిని పశ్చాత్తాపమని పొరబడు పెద్దలు లేకపోలేదు.

ఇక గురుకులములు. 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో మొదటి గురుకుల పాఠశాల వెలసినది. ఇప్పుడు మన జిల్లాలో తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాల పేరు వినని వారుండరు. పాకాల యను గ్రామమునుండి వచ్చి అచ్చట చదివిన మాలావత్ పూర్ణ 2014 మే 25వ తేదీని, పదునాలుగేండ్లు నిండకమునుపే, ఎవరెస్టు శిఖరమునెక్కినది. తలిదండ్రులు వ్యవసాయ కూలీలు, జాతి లంబాడి. ఇదే జాతిని ఒకప్పుడు కొన్ని ప్రాంతములలో నేరస్థ జాతుల పట్టీలో వ్రాసియుండిరి. ఈ జాతియు ఎరుకలవలెనే పెరికెద్దులమీద ఉప్పును ధాన్యమును మోసినదే. ఆ పిల్ల భువనగిరి కొండమీద తాడు పట్టుకొనుట నేర్చి, దార్జిలింగులోను లడఖులోను అభ్యాసముచేసి వెళ్లినది. ఆ గురుకులములలో పిల్లలచే, మేమెవరికంటెను తక్కువవారము కాము అను భావముగల ప్రతిజ్ఞను చేయించుచుండిరి. ప్రతిజ్ఞలయందు మాకు అంత నమ్మకము లేదు. నోటితో పలికినదెల్ల మనస్సుకు దిగదు. కాని ఆ ప్రతిజ్ఞ వెంబడి ఎవరో ఒకరు ఆ పిల్లచేతికి తాడునిచ్చి కొండను చూపిరి. మాట అందువలన నిజమైనది.

గురుకులమనగానే మేలని తలపరాదు. చెడిన భోజనము తిని పిల్లలు ఆసుపత్రుల పాలైన వార్తలును, కార్పొరేటు వసతి కళాశాలలలో పరీక్షల యొత్తిడికి తాళలేక ప్రాణములు తీసికొన్న పిల్లల వార్తలును మనము చదువుచునే యున్నాము. తల్లితో మాటలాడుటకు వారమున కొకమారు కూడ వీలులేని చోట, ఫిర్యాదు చేసిన పిల్లవానికే శిక్షపడు చోట, క్లెమ్మర్ చెప్పిన లోపలి ధర్మశాస్త్రమే పిల్లలు నేర్తురు. తండానుండి వచ్చిన పిల్లతో నీ భాష మోటు, నీ తిండి మోటు, నీ తల్లి కట్టు మోటు అని చెప్పి నాగరకత నేర్పువారున్నారు. ఆ పిల్ల పరీక్షలో నెగ్గును; సెలవులకు ఇంటికి వచ్చి తల్లిప్రక్కన కూర్చుండుటకు సిగ్గుపడును. స్టూవర్టుపురమున పిల్లవానిని తండ్రినుండి విడదీయుటకు చట్టము కావలసివచ్చినది. ఇచ్చట ఉపాధ్యాయుని వెక్కిరింత చాలును.

ఈ పత్రిక చదువువారిలో వసతిగృహములకు ధర్మకర్తలుగాను, శరణాలయములకు దాతలుగాను ఉన్నవారు కలరు. మీరు చూడబోయినప్పుడు నేల శుభ్రముగా నున్నదా, పిల్లలు లేచి నమస్కరించిరా అని చూచి సంతసించి రాకుడు. పిల్లలు అధికారి వినుచుండగా ఒక లోపమును చెప్పగలరేమో చూడుడు. తలిదండ్రులు వచ్చినప్పుడు వారికి కుర్చీ వేయుదురో, గేటుబయట నిలిపి ఉంచుదురో చూడుడు. వెళ్లిపోయిన పిల్లలు మరల చూచిపోవుటకు వచ్చుచున్నారేమో యడుగుడు. బాలల సంరక్షణ సంస్థలలో వయస్సునుబట్టి బాలల సమితులను ఏర్పరచి వారి మాట వినవలెనని 2016 నాటి నియమములు చెప్పుచున్నవి. ఆ సమితి చివరకు ఎప్పుడు కూడినదో, కూడి యేమి కోరినదో పుస్తకము తెరపించి చదువుడు.

పదునెనిమిదేండ్లు నిండిన దినమున శరణాలయపు బాలుడు గేటు దాటవలసివచ్చును. నిన్నటివరకు గంటకొట్టగా లేచి, గంటకొట్టగా తిన్నవాడు ఆ రాత్రి ఎచ్చట పడుకొనును? 2015 నాటి బాలల న్యాయ చట్టము 46వ విభాగము ప్రకారము అట్టివారికి సంఘములో నిలదొక్కుకొనుటకు ద్రవ్యసహాయము చేయవచ్చును. ఇరువదియొకటవ యేడు వచ్చువరకు అనంతర సంరక్షణము పొందుటకును వీలున్నది. జిల్లా బాలల సంరక్షణ విభాగమువారికి దరఖాస్తు పెట్టవలెను. చాలమంది బాలురకు ఈ సంగతి తెలియదు. వారి తరఫున దరఖాస్తు వ్రాసియిచ్చుటకు న్యాయశాస్త్రము చదివినవాడే కానక్కరలేదు. పిల్లవానికి పదునేడేండ్లు వచ్చినప్పుడే మొదలుపెట్టినచో గేటు దాటునాటికి గది యద్దెకును, పని నేర్చుకొనుటకును ఏర్పాటు జరుగుటకు వ్యవధి యుండును.